ఫోన్ పంచాయితీలో చాప ఉండదు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంటాయన పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాడు. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే నేను గిన్నెలోకి చూసేదాన్ని, నవ్వకుండా పోస్తే వాడి ముఖంలోకి చూసేదాన్ని. "అనుమానం పెనుభూతం" అని ఆయన దెప్పేవాడు. నేను మాత్రం నా భూతాన్ని చక్కగా మేపుకుంటూ వచ్చాను. సొంత ఊరు కాని ఊళ్లో, సొంత భాష కాని భాషలో బతికేవాళ్లకు అదొక కాపలా. కరోనా వచ్చిన ఏడాది ఆ కాపలా ఎంత అవసరమో తెలిసింది, అది ఎంతకు చాలదో కూడా తెలిసింది.

మేము సూరత్ శివారు కోసాడ్‌లో సర్కారు కట్టించిన క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఇంటాయనది సాంచాల మీద పని. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు, ఊళ్లోనూ అదే మాట, సూరత్‌లోనూ అదే మాట. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని. లాక్‌డౌన్ పెట్టగానే ఆయన సాంచా ఆగింది, నాకు చీరల మాల్ రావడం ఆగింది. పాండేసరలో రంగుల మిల్లు మూతపడి మా చెల్లెలి మొగుడు కూడా ఇంట్లో పడ్డాడు. ఒకటే గది, అందులో మొగుడూ పెళ్లాం, ఆరేళ్ల ఆడపిల్ల. ఏం జరుగుతుందో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. ఒకరోజు వాడు చెల్లెలి మీద చెయ్యి చేసుకున్నాడు. అది పిల్ల చెయ్యి పట్టుకుని, పోలీసులను తప్పించుకుంటూ, తాపీ నది వంతెన దాటి మా ఇంటికి వచ్చేసింది.

కొన్నాళ్లకు వాడు వచ్చాడు. తల దించుకుని కూర్చున్నాడు, చాయ్ తాగాడు, పిల్లకు బిస్కెట్లు కొనిస్తానని చెయ్యి పట్టుకుని కిందికి దిగాడు. మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే పిల్లను వాళ్ల అన్న కుటుంబంతో ఊరికి పంపేశానన్నాడు.

"రైళ్లు లేవు, బస్సులు లేవు, ఎట్ల పంపినవ్?" అన్నాను నేను.

"కిరాయి బండి దొరికింది, వదినా."

"ఫోన్ల మాట్లాడిపియ్యి."

"ఆడ సిగ్నల్ లేదు."

ప్రతి ప్రశ్నకూ జవాబు సిద్ధంగా ఉంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మా మరిది మామూలుగా రెండు ముక్కలు చెప్పడానికి నాలుగుసార్లు నీళ్లు నమిలే మనిషి. తడుముకోకుండా చెప్తున్నాడంటే ఎవరో వెనకుండి నేర్పుతున్నారు. ఆ ఎవరో వాడి తల్లి అయి ఉంటుందనుకున్నాను, మా అత్తగారి తరహా మనిషే ఆవిడ కూడా.

పోలీస్ చౌకీకి పోతే, పిల్ల తండ్రి దగ్గరే ఉంది కదా, ఇందులో కేసేముంది అన్నారు. ఒక వకీలు ఫోన్‌లో దొరికాడు. కోర్టు మూసి ఉందనీ, అర్జెంటు కేసులే వీడియోలో వింటున్నారనీ, మాది అర్జెంటు కాదనీ హిందీలో చెప్పాడు. అర్జెంటో కాదో ఎవరు చెప్తారని చెల్లెలు అడిగింది. జడ్జి సాబ్ చెప్తారన్నాడు. ఆయన తప్పు చెప్తే? పై కోర్టుకు పోవచ్చు. అది తెరిచి ఉందా? వకీలు మళ్లీ చేస్తానని పెట్టేశాడు. చెయ్యలేదు.

ఇక మిగిలింది కులపెద్ద. అమ్రోలిలో ఉంటాడు. మాలాగే ఉత్తర తెలంగాణ నుంచి ఖాళీ చేతులతో వచ్చి, సాంచాల మీద నిలబడి నిలబడి, చివరికి సొంతంగా కొన్ని సాంచాలు పెట్టుకున్నాడు. కింద సాంచాలు, పైన ఇల్లు. మొగుడూ పెళ్లాల గొడవలు, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ ఆయన దగ్గరికే పోతాయి. మంచివాడని పేరు. మంచివాడని పేరున్న మనిషి దగ్గర నేను ఇంకాస్త జాగ్రత్తగా ఉంటాను.

మా పంచాయితీలో ఒక పద్ధతుంది. పెద్దమనుషులు చాప మీద కూర్చుంటారు, మిగతా అందరూ వట్టి నేల మీద. కూర్చున్న పెద్దమనిషికీ వచ్చిన రెండు పక్షాల్లో ఒకదానికీ ఏదైనా బంధం ఉందని ఎవరికైనా అనుమానం వస్తే, లేచి నిలబడి "చాప దిగు" అనొచ్చు. ఎంత పెద్దవాడైనా దిగాలి. వాదించకూడదు, ముందు దిగి, తర్వాత మాట్లాడాలి. నా చిన్నప్పుడు ఒక ముసలాయన దిగడం చూశాను. ఆయన పంచె సర్దుకుని నేల మీదికి జరిగాడు, అంతే. ఎవరూ నవ్వలేదు. ఏడిపించే అత్తల దగ్గరినుంచి తాగుబోతు మొగుళ్ల దాకా ఎవరికీ భయపడని మా కులంలో పెద్దమనుషులు భయపడేది ఆ ఒక్క మాటకే.

కానీ లాక్‌డౌన్‌లో పంచాయితీ ఫోన్‌లో జరిగింది. ఒక పక్క ఆ అమ్రోలి పెద్దమనిషి, ఇంకో ఇద్దరు పెద్దలు, ఒక పక్క మా మరిది, ఇంకో పక్క మేము, అందరం ఒకే కాల్‌లో. ఒక్క సుఖం ఉంది దాంట్లో. మామూలు పంచాయితీలో ఆడది నోరెత్తితే పక్కనుంచి ఎవరో కొంగు లాగి కూర్చోబెడతారు. ఫోన్‌లో కొంగు లాగేవాడు లేడు. నేను దంచినట్టు మాట్లాడాను. అయితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి పక్కన ఎవరున్నారో కనబడదు. చాపే లేనప్పుడు ఎవరిని దిగమంటాం?

పెద్దమనిషి ప్రతిసారీ ఒకటే అనేవాడు. "జర ఓపిక పట్టున్రి. పిల్ల మంచిగనే ఉన్నది. తొందరపడి తీర్పు చెప్తే తర్వాత మీరే బాధపడ్తరు." అలా ఒక వాయిదా, రెండో వాయిదా, మూడోది. నేను లెక్కలు కట్టడం మొదలుపెట్టాను. మా మరిది తల్లి పుట్టిల్లు ఏది? పెద్దమనిషి మేనత్త ఏ ఊరికి పోయింది? ఎక్కడో ఏదో చుట్టరికం తగలాలి. ఊళ్లో ఉన్న ముసలివాళ్లకు ఫోన్లు చేసి రెండు వంశాలనూ తవ్వాను. ఏమీ దొరకలేదు. "ఇగ ఆయన పుట్టక ముందటి సంగతి గూడ తవ్వు" అన్నాడు మా ఇంటాయన. చెల్లెలు అన్నం మానేసింది. పిల్ల విప్పేసి పోయిన గౌను ఉతకనివ్వకుండా తలకింద పెట్టుకునేది.

ఇంకో వాయిదా రోజు, మధ్యాహ్నం. పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు వెనక, దూరంగా, ఒక పిల్ల గొంతు. దాగుడుమూతలు ఆడేటప్పుడు లెక్కపెట్టినట్టు గుజరాతీలో "ఏక్, బే, త్రణ్" అంటోంది. నేను పట్టించుకోలేదు, వీధిలో పిల్లలనుకున్నాను. చెల్లెలు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అది నా బిడ్డ."

వెంటనే అవతలినుంచి కాల్ కట్ అయింది. సిగ్నల్ పోయిందని పెద్దమనిషి తర్వాత అందరికీ చెప్పాడట.

మర్నాడు పొద్దున, కూరగాయలకు బయటికి పోనిచ్చే వేళలో, సంచులు పట్టుకుని ఇద్దరం అమ్రోలికి నడిచాం. నాకు కాళ్లు కాదు, కడుపు మండుతోంది. ఊరికి పోయిన పిల్ల, సిగ్నల్ లేని ఊళ్లో ఉన్న పిల్ల, మా ఇంటికి నడిచిపోయే దూరంలో ఉంది. తీర్పు చెప్పేవాడి ఇంట్లో.

కింద సాంచాలు ఆగి ఉన్నాయి. మెట్లెక్కితే గుమ్మం ముందు చిన్న చెప్పులు, కొత్తవి, గులాబీ రంగువి. పెద్దమనిషి భార్య తలుపు తీసి, మమ్మల్ని చూసి, నోరు కొంగుతో మూసుకుంది. ఆమె వెనకాల పిల్ల. తలకు నూనె రాసి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి ఉంది. ముఖానికి మాస్కు.

"దా బిడ్డా" అని చెల్లెలు చేతులు చాపింది.

పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఇల్లాలి కుచ్చిళ్లు పట్టుకుని వాటి వెనక నక్కింది. చెల్లెలి చేతులు అలాగే ఉండిపోయాయి. ఇంత తక్కువ రోజుల్లో తల్లిని మర్చిపోతుందా పిల్ల?

పెద్దమనిషి లోపలినుంచి వచ్చాడు. తప్పు దొరికిన మనిషిలా లేడు. "అవు, నేనే పెట్టుకున్న. తండ్రి తెచ్చి ఈడ అప్పజెప్పిండు. పంచాది అయ్యేదాంక పిల్ల అమానతు, దాసిపెట్టుమని ఇచ్చిన సొమ్ము లెక్క."

"ఊరికి పోయిందని ఎందుకు చెప్పిచ్చినవ్?" అన్నాను.

ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. "ఈడుందని తెలిస్తే నువ్వొస్తవు, నీ ఎనక నీ మొగడొస్తడు, పిల్లను చెరో దిక్కు గుంజుతరు. తీర్పు చెప్పెటోడు ఇద్దరి నుంచి కాపాడాలె. గందుకే చెప్పలే." తర్వాత పిల్ల వైపు చూపించాడు. "చూసినవు గదా, నీ తానకు రాలే. పిల్లకు ఈడ నిమ్మలంగ ఉన్నది. అది గూడ లెక్కలకు తీసుకోవాలె."

చెల్లెలు గుమ్మం దాటబోయింది. ఆయన అడ్డం రాలేదు. మెల్లగా అన్నాడు, "తీసుకపో. నేను ఆపను. గని పంచాది తెంపుకొని పోయినట్టయితది. రేపు మొగుడొచ్చి మళ్ల గుంజుకపోతే, కోర్టు బందు, చౌకీల ఎవ్వరు వినరు, ఇగ నేను గూడ నడుమ రాను."

చెల్లెలి కాలు గుమ్మం మీదే ఆగిపోయింది. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు, అదే నాకు కంపరం పుట్టించింది. కింద వీధిలో పోలీసు బండి కూత వేసింది. ఖాళీ సంచులతో, పిల్ల లేకుండా ఇంటికి వచ్చాం. దారి పొడుగునా చెల్లెలు ఒకటే మాట, "అక్కా, అది నన్ను చూసి ఎనకకు పోయింది." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనుషులను చూశాను కానీ, కుందేలును ఇంట్లో కట్టేసుకుని కాళ్లు లెక్కపెట్టేవాణ్ణి అప్పుడే చూశాను. మంచికోసం చేసేది ఎవరికీ చెప్పక్కర్లేదనే అధికారం ఆయనకు ఎవడు ఇచ్చాడు? తగువు తీర్చమని పోయాం కానీ పిల్లను తీసుకోమని పోలేదే!

ఆంక్షలు కాస్త సడలించాక చెల్లెలు పట్టుబట్టింది. ఫోన్‌లో వద్దు, కూర్చుని తీర్పు చెప్పాలంది. పెద్దమనిషి ఇంటి డాబా మీదే పెట్టారు. వచ్చింది కొద్దిమందే, అందరూ మాస్కులతో ఎడంగా కూర్చున్నారు. చాప మీద ముగ్గురు పెద్దలు, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, నడుమ ఆయన. మా మరిది ఒక మూల. పిల్ల డాబా తలుపు దగ్గర, పెద్దమనిషి భార్య చెయ్యి పట్టుకుని.

ఆయన గొంతు సవరించుకున్నాడో లేదో చెల్లెలు లేచి నిలబడింది. నేను నేర్పలేదు. ఒట్టు.

"సాప దిగు, పెద్దయ్యా."

మగవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఆడది ఆ మాట అనగా మేమెవరమూ వినలేదు. ఆయన ముఖం నల్లబడింది. కానీ గొంతు పెంచలేదు. "నీ మొగనికి నేను చుట్టమా? నీకు చుట్టమా? ఏ దిక్కు మొగ్గిన్నో చెప్పు, దిగుత."

"మా ఇద్దరి దిక్కు కాదు. నీ ఇంటి దిక్కు."

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమవడానికి కూడా కొంత సేపు పట్టింది. చుట్టరికం కోసం రెండు వంశాలు తవ్విన నాకు కళ్లముందున్నది కనబడలేదు. ఆ ఇంట్లో పిల్లల్లేరు. ఏళ్ల తరబడి లేరు, అది అందరికీ తెలిసిందే, అందుకే ఎవరూ దాన్నొక సంగతిగా చూడలేదు. గుమ్మం ముందు కొత్త చెప్పులు, రెండు జడలు, రిబ్బన్లు. ఒక్కో వాయిదాకు ఆ ఇంట్లో పిల్ల ఇంకొన్నాళ్లు ఉంటుంది. తీర్పు చెప్పిన రోజు పోతుంది. అట్లాంటప్పుడు తీర్పు ఎట్లా వస్తుంది?

పక్కన కూర్చున్న పెద్ద ఒకాయన, "గిది పద్ధతిల లేదమ్మా, రెండు పక్షాల చుట్టరికమే అడగాలె" అన్నాడు. ఇంకొకాయన కాదన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. పెద్దమనిషి మాత్రం చాప మీద నిటారుగా కూర్చునే ఉన్నాడు. దిగేలా కనబడలేదు. కంచే చేను మేస్తుంటే కాపలా గురించి చర్చ పెట్టుకున్నట్టుంది మా పరిస్థితి.

అప్పుడు తలుపు దగ్గరినుంచి ఆయన భార్య అంది, "దిగు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"దిగుమంటున్న గద. నేనే అన్న నీతోని, ఇంకో వారం ఆగమని. ఎన్నిసార్లు అన్ననో నాకు తెలుసు, నీకు తెలుసు."

ఆయన దిగాడు. నేల మీద, మా అందరితో పాటు, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. మిగిలిన ఇద్దరు పెద్దలు తొందరగానే తేల్చేశారు. కోర్టు తెరిచే దాకా పిల్ల తల్లి దగ్గర ఉండాలి, ఆదివారం ఆదివారం తండ్రి వచ్చి చూసి పోవాలి, చెయ్యి ఎత్తితే అదీ లేదు. అంతకుమించి తమ చేతుల్లో లేదన్నారు. తమ చేతుల్లో ఏది లేదో చెప్పిన పెద్దమనుషులను మొదటిసారి చూశాను, వాళ్లను కూడా కాసేపు అనుమానంగానే చూశాను.

కోర్టు తర్వాతి ఏడాది వచ్చింది, అదీ ఫోన్ తెరలోనే. వకీలు ఆఫీసులో కూర్చుంటే ఒక పక్కన చిన్న గడిలో జడ్జిగారు కనిపించారు. ఆయన వెనక తెల్ల గోడ. గోడకు అటు ఏముందో నాకు కనబడలేదు. చెల్లెలు వకీలు చెవిలో, "ఆ సారుకు పిల్లలున్నరా?" అని అడిగింది. వకీలు అదిరిపడి మైకు మూసి, అలాంటివి అడగకూడదన్నాడు. మరి ఎవరిని అడగాలి అంటే ఎవరినీ అడగకూడదట. జడ్జిగారు చెల్లెలి పక్షమే చెప్పారు. అయినా నాకు ఆ గోడ నచ్చలేదు.

కానీ అసలు దెబ్బ కోర్టుకు ముందే తగిలింది, పిల్ల ఇంటికి వచ్చిన కొత్తలో.

పిల్ల తల్లి దగ్గరికి పోయేది కాదు. అన్నం కలిపి ముద్ద పెట్టబోతే ముఖం తిప్పేది, నేను పెడితే తినేది. చెల్లెలు తల దువ్వితే బిగుసుకుని కూర్చుని, అయిపోగానే పోయి చేతులు కడుక్కునేది. సబ్బు పెట్టి మోచేతుల దాకా. తండ్రి నూరిపోశాడని చెల్లెలు ఏడ్చేది. నా అనుమానం మాత్రం వేరే వైపు పోయింది. ఒకరోజు పిల్లను వంటింట్లో కూర్చోబెట్టుకుని, బెల్లం ముక్క చేతిలో పెట్టి అడిగాను.

"అమ్మ అంటే కోపమా?"

"కాదు."

"మరి?"

"అమ్మకు కరోనా ఉన్నది గదా, పెద్దమ్మా. ముట్టుకుంటే నేను సస్త. నాకు అంటుకుంటే అమ్మను పోలీసోళ్లు తీసుకపోతరు. అమ్రోలి తాత చెప్పిండు."

బయట చెల్లెలు చీరలు మడతపెడుతూ ఉంది. విన్నది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది కానీ లోపలికి రాలేదు, పిల్ల భయపడుతుందని. ఆ రోజు ఆయన గుమ్మం దగ్గర పిల్ల ఎందుకు వెనక్కి అడుగేసిందో అప్పుడు తెలిసింది. అదే అడుగును చూపించి ఆయన, లెక్కలోకి తీసుకోవాలి అన్నాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. చెప్పు తీసుకుని అమ్రోలికి పోదామన్నాను. మా ఇంటాయన కూడా ఈసారి సామెత చెప్పలేదు, చొక్కా వేసుకున్నాడు.

చెల్లెలు ఆపింది. ఫోన్ చేసింది. తిట్టలేదు, ఏడవలేదు. "నువ్వు చెప్పింది నువ్వే వచ్చి దానికి కాదని చెప్పాలె, పెద్దయ్యా. నేను చెప్తే నమ్ముతలేదు" అంది.

ఆయన వచ్చాడు. రాడనుకున్నాను. మా మెట్ల మీద, గుమ్మానికి బయటే, మాస్కు కిందికి లాక్కుని నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. ఆయన ఎవరి వైపూ చూడలేదు, మోకాళ్ల మీద కూర్చుని పిల్ల ఎత్తుకు వచ్చాడు.

"బిడ్డా, నేను నీకు అబద్ధం చెప్పిన. రాత్రి పూట అమ్మ కావాలని ఏడుస్తున్నవని, ఎట్ల ఊకోపెట్టాల్నో తెల్వక చెప్పిన. మీ అమ్మకు ఏం లేదు. ఎప్పుడు లేకుండె. పోయి ముట్టుకో."

పిల్ల ఆయన్ను చూసింది, తల్లిని చూసింది. తల్లి చేతులు చాపలేదు, ఈసారి రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది. పిల్ల మళ్లీ ఆయన వైపు తిరిగింది.

"తాతా, గప్పుడు గూడ గిట్లనే కూసొని చెప్పినవు గదా. మరి గిప్పుడు చెప్పేది అబద్ధమైతే?"

ఆయన గోడ పట్టుకుని లేచి మెట్లు దిగిపోయాడు. పిల్ల నా వైపు వచ్చి, నా కొంగు పట్టుకుని, "ఎవరు చెప్తే నిజం, పెద్దమ్మా?" అని అడిగింది. జీవితమంతా ఎవరినీ నమ్మని నన్ను అడిగింది. నేను ఏం చెప్పను? దాని తల నిమిరి, అన్నం తిందాం పదమన్నాను.

చెల్లెలు కంచంలో అన్నం కలిపి, ముద్దలు చేసి, కంచాన్ని నేల మీద పిల్ల ముందుకు తోసి, తాను గదిలో ఆ చివరకు పోయి కూర్చుంది.